కాడిస్ ఈగల పట్టికలో డింభకముల స్థానము

కాడిస్ ఈగ పేరునకు ఈగయే గాని నిజమైన ఈగ కాదు; చిమ్మటలకు దగ్గర బంధువు. చిమ్మట రెక్కలపై పొలుసులుండును, దీని రెక్కలపై సన్నని రోమములుండును. అందుచేతనే ఈ క్రమమునకు ట్రైకాప్టెరా, అనగా రోమపక్షములు, అను పేరు వచ్చినది. డింభకము మాసముల తరబడి నీటిలో నుండును. పెక్కు జాతులలో అది తన నోటినుండి వచ్చు పట్టుదారముతో ఇసుక రేణువులనో ఆకుముక్కలనో అతికించి గొట్టమువంటి ఇల్లు కట్టుకొనును. రెక్కలు వచ్చిన పిదప దాని బ్రతుకు కొలది వారములు మాత్రమే. అయినను ఈ కీటకముల పట్టికలు వ్రాసినవారి దృష్టి చిరకాలము ఆ కొలది వారములపైననే నిలిచినది.

బ్రిటన్, ఐర్లండులలో ఈ జాతులు సుమారు 200 గలవు. రాబర్ట్ మెక్లాక్లన్ 1874-1880 మధ్య వెలువరించిన ఐరోపా జాతుల బృహద్గ్రంథము, మగ కీటకముల ఉదరాగ్రమున నుండు జననాంగముల చిత్రములతో జాతి నిర్ణయమునకు గట్టి పునాది వేసినది. 1939లో మార్టిన్ మోస్లీ బ్రిటిష్ జాతులపై ప్రకటించిన కరదీపిక ఆ బాటలోనిదే. మోస్లీ మ్యూజియపు బల్లకు అంటుకొని పోయిన పండితుడు కాడు. కృత్రిమపు ఈగను గాలమునకు కట్టి చేపలు పట్టువారికొరకు 1921లోనే ఒక కీటకశాస్త్ర గ్రంథము వ్రాసినవాడు.

ఆ కరదీపిక సంగ్రాహకునికి మంచి తోడు. వాగును పరీక్షింపబోవువానికి మాత్రము అరకొర సాయమే. సాయంకాలము దీపమునకు చేరిన ఈగ ఏ నీటిలో పెరిగినదో చెప్పుట కష్టము. నీటిలో రాతిక్రింద చిక్కునది డింభకము. దాని పేరు తెలిసిననే ఆ నీటి సంగతి తెలియును. హైడ్రోసైకీ ప్రజాతిని చూడుడు. ఇవి ఇల్లు మోయవు, ప్రవాహములో వలలు పన్ని ఆహారము పట్టుకొనును. వీనిలో హైడ్రోసైకీ అంగుస్టిపెన్నిస్ మురికినీటిని చాలవరకు సహించును. దాని సోదర జాతులు కొన్ని అంతగా సహింపవు. వీనిని వేరుపరచుటకు డింభకము తలపై నుండు పసుపుమచ్చల తీరును చూడవలెను. ప్రజాతి పేరుతో ఆగిపోయినచో మురికివాగును, తేటవాగును ఒకే గాటను కట్టినట్లగును.

ఈ లోటును తీర్చుటకు మొదటి పెద్ద ప్రయత్నము హికిన్ 1967లో ప్రచురించిన డింభకముల గ్రంథము. ఇల్లు లేని డింభకములకు 1981లో ఎడింగ్టన్, హిల్‌డ్రూ, ఇల్లు గల వానికి 1990లో వాలెస్ దంపతులు, ఫిలిప్సన్ గుర్తింపు సూచికలు సిద్ధపరచినారు. మోస్లీనుండి లెక్కించిన అర్ధశతాబ్దము! 200 జాతులే గల దీవులలో, తరతరాలుగా ఔత్సాహికులు తిరిగిన వాగులలో ఇంత జాప్యము. తెలియని డింభకమును మోస్లీ వర్ణింపలేదని నిందించుట న్యాయము కాదు. కాని ఏ జాతి డింభకము ఇంకను తెలియలేదో పట్టికలోనే గుర్తుపెట్టుటకు ఖర్చేమున్నది? అట్టి ఖాళీలు కనబడిననే వానిని పూరింప పూనుకొనువారు వత్తురు.

భారతదేశములో వెయ్యికి పైగా జాతులకు నామకరణము జరిగినది. డింభకము తెలిసినవి వానిలో బహుకొద్ది. ఇటీవల జన్యు పరీక్షతో డింభకమును, రెక్కల కీటకమును జతపరచుచున్నారు. అయితే పాత పద్ధతి నేటికిని పనికివచ్చును. బాగుగా ముదిరిన మగ ప్యూపాను దాని గూటితోసహా తెచ్చి విప్పి చూచిన, ఉదరాగ్రమున రాబోవు జననాంగములు పలుచని పొరగుండ కనబడును. పెక్కు జాతులలో గూటి అడుగున డింభకము విడిచిన చర్మపు గట్టిరేకులు, తల రేకులతో సహా, మిగిలియుండును.