లష్కరు, బంట్రోతు, జవాను: సైనిక పదాల అర్థపరిణామం

సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి జాతరను 'లష్కర్ బోనాలు' అంటారని మీకు తెలుసు. లష్కర్ అంటే పారసీలో సైన్యం. 1798లో నిజాం ఈస్టిండియా కంపెనీతో సైన్య సహకార ఒప్పందం చేసుకున్నాక కంపెనీ దండు హుస్సేన్‌సాగర్‌కు ఉత్తరాన విడిసింది. 1806లో ఆ చోటికి సికందర్ జా పేరు పెట్టినా జనం నోట లష్కరే నిలిచింది. ఇప్పుడా మాట వింటే బోనం గుర్తుకొస్తుంది, తుపాకి కాదు.

ఇటువంటి పదాలను మన విమర్శ తరచు 'అన్యదేశ్యాలు' అని ఒక్క ముక్కలో తేల్చేస్తుంది. సిపాయి పారసీ, పటాలం ఐరోపా భాషల 'బెటాలియన్', అంతే. ఈ పద్ధతి చాలదు. పదం పుట్టినచోటు తెలుస్తుంది గాని అది ఎవరి కొలువులో ఎలా బతికిందో తెలియదు.

బంట్రోతును పరిశీలించండి. ఇందులో బంటు, రౌతు ఉన్నాయి. బంటు కాలిభటుడు, చదరంగంలో నేటికీ ఆ పనిలోనే ఉన్నాడు. రౌతు గుర్రపు సైనికుడు. సంస్కృత 'రాజపుత్ర' ప్రాకృతం మీదుగా ఇలా మారింది. ఇంత పరాక్రమం కలిసిన మాటకు మిగిలింది ఆఫీసు గుమ్మం ముందు స్టూలు! అశ్వదళంలో చిన్న అధికారి అయిన దఫేదారు కూడా కలెక్టరు ముందు నడిచే బిళ్ళబంట్రోతు అయ్యాడు. కంపెనీ పాలనలో జమీందార్ల సొంత బలగాలు తగ్గిపోయాయి. ఆయుధం పోయింది, పేరు మిగిలింది. భాషాశాస్త్రంలో దీన్ని అర్థగ్రామ్యత అంటారు.

ఈ క్రమం తెలియకపోతే పాత రచనలను తప్పుగా చదువుతాం. శిస్తు వసూలుకు వచ్చిన బంట్రోతును ఫైళ్లు మోసే ఉద్యోగిగా ఊహించుకుంటే, ఇంటిముందు కత్తితో నిలబడ్డ మనిషి కనిపించడు. రైతు ఎందుకు వణికాడో అర్థం కాదు. నిఘంటువులో రెండర్థాలూ పక్కపక్కనే ఉంటాయి. ఏది ఏ కాలానిదో పాఠకుడే తేల్చుకోవాలి.

జవాను కథ ఇంకా చిక్కు. పారసీలో పడుచువాడని అర్థం. తెలుగులో ఆఫీసు జవానూ ఉన్నాడు, సరిహద్దు జవానూ ఉన్నాడు. 1965లో లాల్ బహదూర్ శాస్త్రి నినాదంలో కిసాన్ పక్కన నిలిచింది రెండోవాడే. 'వీర' అనే విశేషణం అతనికే దక్కింది. ఒకే పదం ఒకచోట పైకెక్కింది, మరోచోట కిందే ఉండిపోయింది. మొదటివాణ్ణి ఇప్పుడు 'అటెండరు' అంటున్నాం.


పటాలానికి మాత్రం ఇంత బరువు లేదు. ఇంటిమీద పడ్డ పిల్లల గుంపునూ పటాలమే అంటాం.