కట్ట వెనుక చెమ్మ

సిద్దిపేట కోమటిచెరువు కట్ట మీద పొద్దున్నే నడిచేవాళ్లంతా నీళ్ల వైపు చూస్తారు. చెరువు నీళ్లను కనిపెట్టుకుని ఉండే పాతకాలపు నీరడి చూపు రెండో వైపు ఉండేది. కట్ట వెనుక అడుగున చెమ్మ ఎంత దూరం పాకింది, ఊరే నీరు తేటగా ఉందా, మట్టి కలిసి వస్తోందా అన్నదే అతని లెక్క. తేటనీరైతే కనిపెట్టుకుని ఉండేవాడు, బురదనీరైతే ఊరిని లేపేవాడు. ఊటతోపాటు మట్టి కొట్టుకొస్తోందంటే కట్ట లోపల బుంగ పడుతున్నట్టే. 1976 జూన్ 5న అమెరికాలోని ఇడాహోలో టీటన్ ఆనకట్ట ఇలాగే తెగింది. పొద్దున బురద ఊట కనిపించింది, మధ్యాహ్నానికల్లా గండి పడింది.

మట్టికట్టను కంప్యూటర్‌లో పరీక్షించడం పిల్లలకు నేర్పే నాకు నీరడి చూపే మొదటి పాఠం. ఈ జిల్లాలో ఆ చదువుకు పని తక్కువేం కాదు. రంగనాయకసాగర్ సామర్థ్యం 3 టీఎంసీలు, కొండపోచమ్మసాగర్‌ది 15, మల్లన్నసాగర్‌ది 50. అంత నీటినీ ఆపేది మట్టికట్టలే.

ఇప్పటి పద్ధతిలో కట్టను చిన్నచిన్న ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కలో నీటి ఒత్తిడినీ మట్టి బలాన్నీ లెక్కగడతాం. 1960లో ఇంజినీరు రే క్లఫ్ దీనికి ఫైనైట్ ఎలిమెంట్ పద్ధతి అని పేరు పెట్టాడు. తెర మీద రంగురంగుల బొమ్మ వస్తుంది. ఆ బొమ్మను చూసి మురిసిపోవడంతోనే ప్రమాదం మొదలవుతుంది.

నేనూ మురిసిపోయినవాణ్ణే. చదువుకునే రోజుల్లో ఒక ఊరి చెరువు కట్టకు లెక్క చేసి భద్రతా గుణకం, అంటే జారదోసే ఒత్తిడికి మట్టి బలం ఎన్ని రెట్లో చెప్పే అంకె, 1.8 వచ్చిందని సంబరపడ్డాను. కట్ట దగ్గర ఒక ముసలి నీరడి అడిగాడు: "సారూ, కట్ట సంగతి సరే, దాని కిందికెళ్లి నీళ్లు ఎటువోతయో సూసిండ్రా?" చూడలేదు. కట్ట అడుగే కదలని, నీరు ఇంకని హద్దు అని నేనే రాసిచ్చాను, సాఫ్ట్‌వేర్ నమ్మింది. అందుకే మోడల్ గీసేటప్పుడు కింది నేలను కూడా కలపాలి. ఇంకా లోతుకు, ఇంకా పక్కకు పెంచినా జవాబు మారని దాకా పెంచాలి.

కంప్యూటర్ తెరవకముందే కాగితం మీద ఒక లెక్క ఉండాలి. ఫ్రాన్సులో దిజోన్ ఊరి నీటి సరఫరా చూసిన హెన్రీ డార్సీ 1856లో ఇచ్చిన సూత్రం నుంచి వచ్చే లెక్క చాలు. కట్ట ముందు 6 మీటర్ల నీరు, వెనుక పొడి, నీరు దాటాల్సిన దూరం 20 మీటర్లు, మట్టిలో నీటి నడక సెకనుకు మీటరులో కోటోవంతు అనుకుందాం. నీటి లోతు వర్గాన్ని దూరానికి రెట్టింపుతో భాగించి, ఆ నడకతో గుణిస్తే మీటరు పొడవు కట్టకు రోజుకు దాదాపు 8 లీటర్ల ఊట. సాఫ్ట్‌వేర్ 8 వేల లీటర్లంటే తప్పు కట్టది కాదు, మిల్లీమీటర్లు మీటర్లతో ఎక్కడో కలిసిపోయాయి.

ముక్కల సంగతికి వస్తే నార్వేలోని స్లీప్నర్ కథ చెప్పక తప్పదు. 1991 ఆగస్టు 23న, సముద్రంలో చమురు తీయడానికి కట్టిన భారీ కాంక్రీటు నిర్మాణం పరీక్ష కోసం నీటిలోకి దించుతుండగా మునిగిపోయింది. గోడలు కలిసే మూలల్లో ముక్కలు మరీ పెద్దవిగా, వంకరగా కోయడంతో కోత ఒత్తిడి 47 శాతం తక్కువగా లెక్కకొచ్చింది. తర్వాత జాగ్రత్తగా చేసిన లెక్కలో 62 మీటర్ల లోతులో గోడ పగలాలని తేలింది. నిజంగా పగిలింది 65 మీటర్ల దగ్గర. పద్ధతి అంత నమ్మకమైనది, దాన్ని వాడిన తీరే తప్పింది. అందుకే తూము చుట్టూ, కట్ట వెనుక పాదం దగ్గర ముక్కలు సన్నగా కోయాలి. వాటిని సగానికి సగం చేసి మళ్లీ నడపాలి. జవాబు కదలడం ఆగాకే దాన్ని నమ్మాలి.

ఇక తక్కువ మట్టితో కట్ట గీయమని ఆప్టిమైజేషన్ సాఫ్ట్‌వేర్‌ను అడిగామనుకోండి. మనం చెప్పని షరతు దానికి తెలియదు. నిండు చెరువు ఒక్కటే ఇస్తే, తూములెత్తి నీరు చప్పున దించిన రోజును పట్టించుకోదు. నీటి ఆసరా పోతుంది, లోపలి మట్టి ఇంకా తడిగానే ఉంటుంది, నీళ్ల వైపు వాలు జారేది అప్పుడే. మన ప్రమాణం ఐఎస్ 7894 భద్రతా గుణకం నిలకడ ఊటకు 1.5, ఈ హఠాత్తు దింపుడుకు 1.3 కనీసం ఉండాలంటుంది. రెండూ చెప్పినా సాఫ్ట్‌వేర్ మట్టిని చెక్కిచెక్కి సరిగ్గా 1.3 అంచున తెచ్చి నిలబెడుతుంది. మట్టి బలం కొంచెం తగ్గితే ఆ కట్ట నిలవదు. కాబట్టి బలాన్ని ఒక్క అంకెగా కాక, ఇంత నుంచి ఇంత దాకా అని ఇచ్చి ప్రతిసారీ పరీక్షించాలి. 2.37కి 1 వాలు అని వస్తే 2.5కి సవరించాలి. తాడు పట్టుకుని వాలు గుర్తుపెట్టే మనిషికి అందే అంకె అది.

వానకాలంలో పిల్లలను కట్ట వెనక్కి తీసుకెళ్తాను. చెమ్మ ఆగిన చోటల్లా మేకులు కొట్టిస్తాను, మోడల్ గీసిన తడి గీతతో పోలుస్తాం. పోయినేడు మూడో మేకు మా గీత కంటే రెండు బారలు బయటికి వచ్చింది. పిల్లలు మోడల్‌ను వెంటనే సవరించబోయారు, ఆపాను. ముందు అక్కడి మట్టి తవ్వి చూశాం. పాత గండి పూడ్చిన చోటు అది. రేగడి ఉండాల్సిన చోట మొరం ఉంది.