చెల్లు పడని బాకీ

ఈ వారము కలకడ బస్టాండు గోడకు అంటించియున్న యొక కాగితము నాకు మిక్కిలి కోపము తెప్పించినది. "సిబిల్ క్లియర్ చేయబడును, పాత బాకీలు తుడిచివేయబడును" అని పెద్ద యక్షరములతో అచ్చొత్తించి, క్రింద నొక ఫోను నంబరు వేసిరి. ఆ నంబరును తన ఫోనులో నెక్కించుకొనుచు నిలిచియున్న రైతు నాకు చిరపరిచితుడు. టమోటా సాగులో తల పండినవాడు. ఎవరికిని రూపాయి ఎగవేసినవాడు కాడు. "సిబిల్ పోయిండాదన్నా, ట్రాక్టరుకు లోను ఇయ్యమంటా ఉండారు" అని అతడు పలికిన తీరులో అవమానమే గాని ఆగ్రహము లేదు.

అతని కథ ఈ ప్రాంతమున పెక్కు ఇండ్లలోని కథయే. 2014లో రుణమాఫీ ప్రకటింపబడినపుడు, బాకీ ప్రభుత్వమే కట్టునని నమ్మి కంతులు నిలిపివేసినవారిలో అతడొకడు. కుటుంబమునకు లక్షన్నర రూపాయల మేరకు మాఫీ యనియు, 50,000 లోపు బాకీ ఒక్కసారిగను, అంతకు మించినది వాయిదాలమీదను తీరుననియు నిర్ణయమైనది. చివరి వాయిదాలు రానేలేదు. వడ్డీ మాత్రము ఒకనాడైనను ఆగలేదు. తుదకు లోక్ అదాలత్‌లో బ్యాంకువారు కొంత తగ్గించుకొనగా, తక్కినదానిని ఇంటి యిల్లాలి గొలుసు అమ్మి కట్టి, "పీడ వదిలింది" అనుకొని ఇల్లు చేరెను.

టీ అంగడి బల్లమీద కూర్చుండి ఇరువురమును అతని క్రెడిట్ రిపోర్టును ఫోనులో తెరచి చూచితిమి. నెలకొక గడి. సకాలమున కట్టిన నెలకు మూడు సున్నలు. తప్పిన నెలకు గడువు దాటిన దినముల సంఖ్య. ముప్పది, అరువది, తొంబది అని మెట్లెక్కిపోయిన ఆ వరుస దాటినపిమ్మట, ఖాతా మూతపడినదని యుండవలసిన చోట 'సెటిల్డ్' అని యున్నది. కొంత ముట్టినది, కొంత బ్యాంకు వదలుకొన్నది అని దాని తాత్పర్యము. "కట్టేసినాను గదన్నా, ఇంకేముండాది?" అని అతడడుగగా నాకు మా తాతగారి రేకుపెట్టె జ్ఞప్తికి వచ్చినది.

వాయల్పాటి తాలూకాలోని మా పల్లెలో తాతగారు కొంత రొక్కము వడ్డీకి త్రిప్పెడివారు. ఆ పెట్టెలో ప్రామిసరీ నోట్లన్నియు నూలుదారముతో కట్టియుండెడివి. రెవెన్యూ స్టాంపుమీదుగా సంతకమో వ్రేలిముద్రయో నోటు ముఖమున నుండగా, వీపున చెల్లులు వ్రాయుచుండెడివారు: తేది, ముట్టిన సొమ్ము, సంతకము. కడపటి పైకము ముట్టిననాడు "అసలు వడ్డీతో సహా పూర్తిగా చెల్లు" అని వ్రాసి, స్టాంపున్న భాగమును చించి, రెండు తునుకలను బాకీదారుని చేతిలోనే పెట్టెడివారు. అవ్వ లోపలినుండి చెంబెడు మజ్జిగ తెచ్చి యిచ్చెడిది. మరునాటినుండి ఆ మనిషికిని ఆ బాకీకిని సంబంధము లేదు. తప్పిన వాయిదాలు, బ్రతిమాలుకొన్న సందెవేళలు ఆ చినిగిన కాగితముతోనే పోయినవి. చేతికి రసీదు రానిదే రూపాయి గడప దాటరాదని ఈ శీర్షికలో నేను పలుమార్లు వ్రాయుటకు మూలము ఆ పెట్టెయే. చినిగిన నోటును మరచిపోవు ఆ పద్ధతి యెక్కడ, తీరిన బాకీని ఏడేండ్లకు తక్కువ గాకుండ జ్ఞాపకముంచుకొను ఈ యంత్రమెక్కడ యని ఇంటికి వచ్చు దారిపొడుగునను నేను నొచ్చుకొంటిని.

కాని, ఆ పెట్టెను తలచినపుడు వేరొకనాటి సంగతియు తలచక తీరదు. భర్తను పోగొట్టుకొన్న యొకామె, తన పెనిమిటి సంతలోనే సొమ్ము ముట్టజెప్పెనని మా యరుగుమీద నిలుచుండి పలుమార్లు చెప్పినది. తాతగారు పెట్టె తెరచి నోటు వీపు చూచిరి; చెల్లు లేదు. ఎవరి మాట నిజమో నేటికిని నేనెరుగను. నోటు మా పెట్టెలో నున్నది. ఆమె చేతిలో నేమియు లేదు. చదువుకొను శక్తియు లేదు. ఆ బాకీని మీసము మొలవని ఆమె కొడుకు మోసినాడు. తండ్రి ఋణము తీర్చుట పుత్రధర్మమని స్మృతులు చెప్పగా న్యాయస్థానములును దానిని చిరకాలము మన్నించినవి. 2005 నాటి హిందూ వారసత్వ సవరణతోనే, అటుపై చేసిన అప్పులకు ఆ ధర్మమొక్కటే ఆధారముగా కొడుకుపైకి పోరాదని నిశ్చయమైనది.

అదే 2005లో ఈ క్రెడిట్ సమాచార సంస్థలకును చట్టమేర్పడినది. సిబిల్ ఒక్కటే గాక ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హై మార్క్ అనునవియు గలవు. ఒక్కొక్కటి ఏటికొక పర్యాయము పూర్తి రిపోర్టును ఉచితముగా నీయవలసినదే. అందు తప్పున్నచో ఫిర్యాదు చేయవచ్చును. 30 దినములలో పరిష్కరింపనిచో దినమునకు 100 రూపాయల వంతున పరిహారమీయవలెనని రిజర్వు బ్యాంకు ఆజ్ఞ. ఆ విధవరాలికి ఇందులో నొక్కటియైన నుండినచో! పెట్టెను తెరచి చూపుడని యడుగు హక్కు ఆమెకు లేదు. నా మిత్రునికి గలదు. యంత్రముపై నేను పెంచుకొన్న విముఖత ఇచ్చట నిలువలేదు.

కనుక ఆ గోడమీది నంబరును తీసివేయుమని అతనితో చెప్పితిని. నిజమైన పద్దును తుడుచు మంత్రము ఎవరియొద్దను లేదు. తప్పు పద్దును దిద్దించుకొనుటకు ఎవరికిని రుసుము ఇయ్యనక్కరలేదు. బ్యాంకు వదలుకొన్న మొత్తమెంతో వ్రాతపూర్వకముగా అడిగి, శక్తి యున్నచో దానిని కట్టి, నో డ్యూస్ సర్టిఫికెట్ చేతికి తీసికొని, ఖాతాను 'క్లోజ్డ్' అని మార్పింపుమని కోరవలెను. తప్పిన నెలల గళ్లు వెంటనే మాయము కావు. ఖాతా స్థితి మారును. మూడేండ్ల కాలపరిమితి దాటిన బాకీలమీద దావా చెల్లకపోవచ్చును గాని, బాకీ చావదు, రిపోర్టులోని పద్దును చావదు. అట్టి బాకీకి తిరిగి కట్టెదనని వ్రాసి సంతకము చేసినచో మరల దావాకు ప్రాణము వచ్చును. ఏ కాగితముమీద వ్రేలు పెట్టుచున్నారో చదివించుకొని పెట్టవలెను.

ఇంతయు విని అతడొక మాట యడిగెను: "మండీ బాకీ నేనెప్పుడూ తప్పలేదు గదన్నా, అది యాడా లేదే?" మాటకు నిలిచిన లెక్కలన్నియు మండీలోనే యున్నవి. విత్తనమునకు, మందులకు, కట్టెలకు మండీవారు ముందుగా నిచ్చిన పైకము, కాయ తోలిన ప్రతిమారును అమ్మకపు చీటీయైన పట్టీలో కమీషను, హమాలీలతోపాటు కోత పడుచునే యుండును. 2023 జూలైలో మదనపల్లె మార్కెట్టున కిలో 200 రూపాయల దరిదాపులకు పోయిననాడును, కాయలు రోడ్డుప్రక్కన పారబోసిన సంవత్సరములందును అతడా పద్దును తీర్చుకొనుచునే వచ్చెను. ఆ పట్టీలు సంచిలో ముడుతలు పడి, చెమటకు తడిసి, చివరకు చెత్తలో కలిసినవి. బ్యాంకు మేనేజరు చూచు తెరమీద అతడు బాకీ ఎగవేసినవాడే. మండీ పట్టీలును ఆ రిపోర్టులో చేరవలెను. మార్కెట్టు యార్డుల కమిటీలు అందుకు పూనుకొనవలెను. అంతవరకు పట్టీ ఒక్కటియు పారవేయక దారముతో కట్టి దాచుమని అతనితో చెప్పితిని. ఇంట పాత రేకుపెట్టె యొకటి యున్నదనెను.