ఓకారాల దగ్గర విరవండి

పొడుగాటి వైద్యపు పేరు కనబడగానే ‘నోరు తిరగని మాట’ అని నవ్వేయడం ఈ వారమూ తప్పలేదు. ఈసారి బలైంది ఎసోఫాగోగాస్ట్రోడ్యుయోడెనోస్కోపీ. పొడుగు మాటల తరఫున వకాల్తా పుచ్చుకోవడం ఈ కాలమ్‌కు పాత జబ్బే కదా! ఆ పేరును ఓకారాల దగ్గర విరిచి చూడండి: ఎసోఫాగో, గాస్ట్రో, డ్యుయోడెనో, స్కోపీ. అన్నవాహిక, జీర్ణాశయం, చిన్నపేగు మొదటి భాగం, చూడటం. నోట్లోంచి దింపిన గొట్టం ఏ వరసలో పోతుందో పేరూ అదే వరసలో పోతుంది. ముక్కల్ని అతికే ఆ ‘ఓ’ వల్ల ప్రతి ముక్కా అచ్చుతోనే ముగుస్తుంది. అజంత భాషకు అలవాటుపడ్డ నోటికి ఇబ్బందేముంది? ‘శాస్త్రం’ పలికేవాళ్లకు గాస్ట్రో ఓ లెక్కా? చిక్కంతా ఇంగ్లిషు ఊనికతోనే. స్కోపీ, గ్రఫీ, లజీ, టమీ తోకలున్న మాటల్లో అది చివరినుంచి మూడో అక్షరం మీద పడుతుంది. ఇక్కడ ‘నాస్’ మీద. డ్యుయోడెనో చివరి ‘నో’నూ స్కోపీ మొదటి ‘స్’నూ కలిపి నొక్కేసరికి అసలు అతుకు చెవికి అందదు. కార్డియోగ్రామ్‌లో ‘కా’ మీదున్న బరువు కార్డియోగ్రఫీ అనగానే ‘ఆగ్’ మీదికి దూకేదీ ఇందుకే.

అమెరికాలో పనిచేసే మన డాక్టర్లు ఊనిక లేకుండా పలికితే అక్కడి నర్సుకు అర్థమవుతుందా అంటారు. కష్టమే, నేర్చుకోవాల్సిందే. కానీ అది వినేవాళ్ల సౌకర్యం కోసం. మాటలోని అర్థం విప్పుకోవడానికి కాదు. రెండో ఆక్షేపణ గట్టిది. విరిస్తే అర్థం దొరుకుతుందన్న నమ్మకం డ్యుయోడెనో దగ్గర బెడిసికొడుతుంది. దాని మూలంలో ఉన్నది పేగు కాదు, పన్నెండు. క్రీస్తుపూర్వం అలెగ్జాండ్రియాలో హెరోఫిలస్ ఆ భాగం పొడవును పన్నెండు వేళ్ల వెడల్పుగా లెక్కగట్టి పేరు పెట్టాడు. గ్రీకు పేరు లాటిన్‌లోకి వచ్చి వాడుకలో అరిగేసరికి వేళ్లు రాలిపోయి అంకె మిగిలింది. ఈ కథ తెలియనివాళ్లు ఎంత విరిచినా పేగు బయటపడదు. అలాగని ఎండోస్కోపీ అనే పొట్టి పేరుతో సరిపెట్టుకుందామా? దానర్థం లోపల చూడటం, అంతే. ఎక్కడ లోపల? పెద్దపేగును కిందినుంచి చూసే కొలనోస్కోపీ కూడా ఎండోస్కోపీల్లో ఒకటే. అందుకే పేషెంటు సంతకం పెట్టే కాగితం మీద పొడుగు పేరూ, పొట్టి పేరూ రెండూ చాలవు. ‘నోట్లోంచి గొట్టం దింపి అన్నవాహిక, జీర్ణాశయం, చిన్నపేగు మొదలు చూస్తాం’ అని తెలుగులో రాయాలి. పొడుగు పేరు డాక్టర్ల రికార్డులో ఉంటే చాలు.