కొండమీది కొలనూ, కాలిబాటా

యాత్రాగ్రంథాన్ని కావ్యంతో సమానంగా ఎంచవచ్చునా అనే ప్రశ్నకు వంగభాష చాలాకాలం క్రిందటనే సమాధానం చెప్పింది. జలధర్ సేన్ ‘హిమాలయ్’, ప్రబోధ్‌కుమార్ సన్యాల్ ‘మహాప్రస్థానేర్ పథే’ ఆ భాషలో నవలలతోపాటు ఇంటింటా చదివిన పుస్తకాలు. 1971లో వంగభాషకు సాహిత్య అకాడమీ బహుమతి తెచ్చినది ఉమాప్రసాద్ ముఖోపాధ్యాయ రచించిన యాత్రాగ్రంథమే. దాని పేరు ‘మణిమహేశ్’. ఆ పేరు ఒక సరస్సుది.

హిమాచల ప్రదేశంలోని చంబా జిల్లాలో, మణిమహేశ్ కైలాస శిఖరం పాదంచెంత, సముద్రమట్టానికి 4,000 మీటర్లకు పైబడిన ఎత్తున ఆ కొలను ఉన్నది. శీతకాలమంతా మంచు దానిని మూసివేస్తుంది; వేసవి ఎండ తగిలిన తరువాతనే దారి తెరుచుకొంటుంది. కృష్ణాష్టమికీ రాధాష్టమికీ నడుమ యాత్ర సాగుతుంది. హడ్సర్ గ్రామంనుండి సుమారు 13 కిలోమీటర్ల ఎక్కుడు. తీరా చేరితే కనిపించేది ఒడ్డు చుట్టిరావడానికి ఎంతోసేపు పట్టని చిన్న నీటిపట్టు. దీనిని వర్ణించబోయే రచయితకు చిక్కు ఇక్కడనే ఉన్నది. సరస్సు రెండు వాక్యాలలో ముగిసిపోతుంది, ముగియనిది బాట.

తెలుగు పాఠకునికి హిమాలయం మొదట ‘మనుచరిత్ర’లో పరిచయమయింది. అక్కడ బాట లేదు. సిద్ధుడిచ్చిన పాదలేపంతో ప్రవరుడు క్షణంలో మంచుకొండ చేరుకొంటాడు, చూడవలసినవన్నీ చూస్తాడు. ఆ వర్ణన సౌందర్యానికి సాటి లేదు. కాని పెద్దన లోకజ్ఞుడు. నడవకుండా వచ్చినవానికి మరలిపోయే దారి తెలియదని అతడెరుగును. కరిగిన మంచునీటిలో లేపం కూడా కరిగిపోయినప్పుడే కథ మొదలవుతుంది.

మన విమర్శకులు ఆ వర్ణనను తలకెత్తుకొన్నారు గాని, నడకను వ్రాసిన వచనాన్ని అంతగా ఆదరించలేదు. ఏనుగుల వీరాస్వామయ్య 1830–31లో మద్రాసునుండి కాశికి పోయి, కలకత్తా మీదుగా తిరిగివచ్చి వ్రాసిన ‘కాశీయాత్ర చరిత్ర’ను చరిత్రకారులు ఆధారగ్రంథంగా వాడుకొన్నారు, సాహిత్యంగా చదివినవారు తక్కువ. నాయని కృష్ణకుమారి ‘కాశ్మీర దీపకళిక’ వంటి రచనలకు పాఠకులు దొరికారు గాని, యాత్రావచనానికి ఒక సంప్రదాయం ఉన్నదని గుర్తించే విమర్శ బలంగా ఏర్పడలేదు.

ఈ లోటు ఇప్పుడు మరింత కనిపిస్తుంది. కోల్‌కతాను ఆనుకొని పెరిగిన న్యూ టౌన్‌లో 2012లో తెరచిన ఎకో పార్కు 480 ఎకరాలది. అందులో 104 ఎకరాల జలాశయం ఉన్నది. మణిమహేశ్‌కంటె అది పెద్దది. సాయంకాలం అక్కడి గాలి హాయిగానే ఉంటుంది. ఎండలో మాడే నగరానికి అటువంటి నీరు కావలసినదే. అటు కొండమీద కూడా యాత్రాదినాలలో భర్మౌర్‌నుండి గౌరీకుండందాకా హెలికాప్టరు ఎగురుతున్నది. పాదలేపం తిరిగివచ్చింది. వృద్ధులకూ రోగులకూ అది వరమే గనుక నిందించరాదు. అయితే ఎగిరిపోయినవాడు చెప్పగలిగినది ఆ రెండు వాక్యాలే. ఎగశ్వాసా, తోడివాని ఊతకర్రా, రాత్రి పంచుకొన్న రొట్టే లేని వర్ణన రంగుల పటంగా మిగులుతుంది.

అనువాదకునికి ఇది మాటల సమస్యగా ఎదురవుతుంది. ‘హిమానీనదం’ వంటి శాస్త్రపదాలు నిఘంటువులో సిద్ధంగా ఉన్నవి. ఉత్తరాది కొండదారిలో యాత్రికులు రాత్రి తలదాచుకొనే ‘చట్టి’ని ఏమనాలి? ‘విశ్రాంతిగృహం’ అంటే బంగళా కళ్లకు కడుతుంది. కాశీకి కాలినడకన పోయిన మన పెద్దలు వాడిన ‘మజిలీ’ అనే మాట ఉన్నది. ఒక పగటి అలసట అంతా అందులో ఇమిడి ఉన్నది. ‘చఢాయీ’కి ‘ఆరోహణం’కంటె ‘ఎక్కుడు’ దగ్గర. హిమాలయపు కొలనును తెలుగులోకి తేవాలంటే పెద్దన పద్యంనుండి కాంతిని తెచ్చుకోవచ్చును. దారిని మాత్రం వీరాస్వామయ్య వచనంనుండే తెచ్చుకోవాలి.