పలుపు, పగ్గం

ఎద్దుకు రెండు తాళ్లుంటాయి. కొట్టంలో గుంజకు కట్టేది పలుపు, దారిలో నడిపించేది పగ్గం. ఒకటి పశువును ఒకచోట ఆపుతుంది, రెండోది దాన్ని మనిషితో నడిపిస్తుంది. ఎద్దు రోజంతా మనిషితో కలిసి పనిచేసే జీవం కాబట్టి భాష ఈ రెండింటినీ వేరు చేసి పెట్టుకుంది. కుక్క విషయంలో ఆ అవసరం రాలేదు. గొలుసు అన్నా, తాడు అన్నా, ఈమధ్య పట్టణాల్లో వినిపించే చైను, బెల్టు అన్నా అన్నీ పలుపు చేసే పనికే వాడుతున్నారు. కుక్కను 'కట్టేస్తారు', లేదా 'ఇడిచిపెడతారు'. తాడు చేతపట్టుకుని కుక్కతో పాటు నడవడానికి తెలుగులో ఇంకా సొంత మాట స్థిరపడలేదు. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి నుంచి అమెరికాకో ఇంగ్లండుకో వెళ్లి అక్కడ కుక్కను పెంచుకునేవాళ్లు మొదట నేర్చుకోవలసింది సరిగ్గా ఈ మాట లేని పనినే.

2016 అక్టోబరు 11న పాత వరంగల్ జిల్లా నుంచి విడివడిన ఈ మూడు జిల్లాల్లో కుక్క బతుకు ఒక్క తీరుగా లేదు. జనగామ మెట్ట నేలల్లో గొల్లకురుమల గొర్రెల మంద వెంట కుక్క తిరుగుతుంది. దానికి తాడు ఉండదు, ఉంటే పని జరగదు. రాత్రి ఎరువు కోసం రైతు చేనులో మంద పెట్టినప్పుడు అది చుట్టూ తిరిగి కాపలా కాస్తుంది. కురుమల ఇలవేల్పు మల్లన్ననే మైలారుడు, ఖండోబా అన్న పేర్లతోనూ కొలుస్తారు. ఖండోబా బొమ్మల్లో దేవుడి పక్కన కుక్క కనిపిస్తుంది, దాని మెడకు గుంజ తాడు ఉండదు. మహబూబాబాద్ తండాల్లో మక్కచేనుకు అడవిపందుల బెడద ఉన్నచోట కుక్క రాత్రి మంచె కింద ఉంటుంది. భూపాలపల్లి సింగరేణి క్వార్టర్ల వైపు వస్తే గేటు వెనక గొలుసుకు కట్టిన కాపలా కుక్క, గేటు మీద 'కుక్క ఉన్నది జాగ్రత్త' అన్న బోర్డు. ఇక ఈ మూడింటికంటే ఎక్కువగా కనిపించేది వాడకుక్క. ఒక ఇంట్లో గంజి, ఇంకో ఇంట్లో ఎంగిలి మెతుకులు, చలికాలం పొయ్యి బూడిదలో పడక. అది ఎవలిది అని అడిగితే జవాబు 'మా వాడది' అనే.

ఆ జవాబులో మంచితనం ఉంది. మెతుకు పెట్టడానికి వాడంతా ముందుకు వస్తుంది. కానీ అది ఎవరినైనా కరిచిననాడు పట్టించుకోవడానికి ఎవరూ ఉండరు. కొత్త దేశంలో మారేది మొదట ఇదే. అక్కడ ప్రతి కుక్కకూ 'ఎవలిది' అన్న ప్రశ్నకు ఒక మనిషి పేరు జవాబుగా ఉండాలి. చర్మం కింద పెట్టే మైక్రోచిప్, మెడపట్టీకి వేలాడే బిళ్ల, ఊరి కార్యాలయంలో తీసుకునే లైసెన్సు, చేతిలోని తాడు, ఇవన్నీ ఆ ఒక్క జవాబు చెప్పడానికే ఉన్నాయి. ఇంగ్లండులో 2016 ఏప్రిల్ 6 నుంచి కుక్కలకు చిప్ తప్పనిసరి. బయటికి తెచ్చిన కుక్క మెడపట్టీ మీద యజమాని పేరు, చిరునామా ఉండాలన్న నిబంధన బ్రిటన్‌లో 1992 నాటిది.

అమెరికాలో దేశమంతటికీ ఒకే తాడు చట్టం లేదు. రాష్ట్రం, కౌంటీ, నగరం ఎవరికి వారు రాసుకుంటారు. ఒక ఊరి నుంచి పక్క ఊరికి ఇల్లు మారితే నియమం కూడా మారవచ్చు, అందుకే ఆ నగర పాలక సంస్థ నియమాలు ముందే చదువుకోవాలి. జాతీయ పార్కుల్లో తాడు ఆరడుగులు మించకూడదు. న్యూయార్క్ నగరంలో బహిరంగ స్థలాల్లోనూ అదే కొలత. అయితే అక్కడి కొన్ని పార్కుల్లో ఉదయం తొమ్మిదిలోపు, రాత్రి తొమ్మిది తరువాత గుర్తించిన చోట్ల కుక్కను విడవవచ్చు. విడిచే హక్కుకు కూడా అక్కడ వేళా స్థలమూ ఉన్నాయి. ఆస్ట్రేలియాలోని న్యూసౌత్‌వేల్స్ రాష్ట్ర చట్టం ప్రతి స్థానిక సంస్థ పరిధిలోనూ కనీసం ఒక్కచోటైనా కుక్క తాడు లేకుండా పరుగెత్తే స్థలం ఉండాలంటుంది. న్యూజిలాండ్‌లో విడిచి తిప్పగల చోటికి వెళ్లినా చేతిలో తాడు ఉండి తీరాలి.

తెలుగువాళ్లు ఎక్కువగా స్థిరపడ్డ టెక్సస్‌లో పలుపుకూ చట్టం వచ్చింది. 2022 జనవరి 18 నుంచి అక్కడ పెరట్లో కుక్కను ఒంటరిగా గొలుసుతో కట్టివేయకూడదు. తాడుతో కట్టినా దాని పొడవు పది అడుగులకో, కుక్క ఒంటి పొడవుకు అయిదు రెట్లకో, రెంటిలో ఏది ఎక్కువైతే దానికి తగ్గకూడదు. ఇది విని ఆశ్చర్యపోయేవాళ్లు ఒక సంగతి గుర్తుచేసుకోవాలి. భారతదేశపు 1960 నాటి జంతు హింస నివారణ చట్టం పదకొండో సెక్షన్ కూడా మితిమీరి పొట్టిగానో బరువుగానో ఉన్న గొలుసుతో పశువును ఎక్కువసేపు కట్టడం నేరమంది. అదే సెక్షన్‌లో కుక్కల గురించి విడిగా ఒక వాక్యం ఉంది: ఎప్పుడూ కట్టేసి ఉంచే కుక్కకు తగినంత నడక ఇవ్వకపోవడం కూడా నేరమే. కుక్కను నడిపించడం పరాయి దేశపు వేడుక అనుకునే ఇళ్లలో ఈ వాక్యం ఇప్పటికీ ఎవరికీ చేరకపోవడం బాధాకరం. గేటు దగ్గర గొలుసుకు అర్ధచంద్రంగా అరిగిన నేలను చూస్తే చాలు, ఆ కుక్క ఎన్నేళ్లుగా ఎంత దూరం నడిచిందో తెలిసిపోతుంది.

తాడు నియమంలో తెలుగు ఇళ్లవాళ్లకు అన్నిటికంటే కష్టంగా అర్థమయ్యేది భయానికి ఇచ్చిన స్థానం. ఊళ్లో కుక్క ఎదురొస్తే యజమాని అనే మాట 'ఏమనదు, రాండ్రి' అని. ఆ మాటతో భయం ఎదుటివాడి లోపమైపోతుంది. బ్రిటన్ 1991 ప్రమాదకర కుక్కల చట్టం దీన్ని తలకిందులు చేసింది. కుక్క గాయపరుస్తుందేమోనని భయపడటానికి సహేతుకమైన కారణం ఉంటే చాలు, అది అదుపు తప్పిన కుక్క కిందే లెక్క. కరవనక్కర లేదు. కాలిఫోర్నియా సివిల్ కోడ్ కరిచిన తరువాతి సంగతి చెబుతుంది: బహిరంగ స్థలంలో కుక్క కరిస్తే, అది అంతకు ముందు ఎన్నడూ ఎవరినీ కరవకపోయినా, యజమాని నష్టపరిహారం కట్టాలి. 'మా కుక్క సాధువు' అన్నది అక్కడ జవాబు కాదు. ఎక్స్ఎల్ బుల్లీ జాతిని ఇంగ్లండు, వేల్స్ నిషేధిత జాబితాలో చేర్చాక 2023 డిసెంబరు 31 నుంచి ఆ కుక్కకు వీధిలో తాడుతో పాటు మూతికి చిక్కం కూడా ఉండాలి. కల్లంలో గింజ తినకుండా ఎడ్ల మూతికి కట్టే చిక్కం లాంటిదే అది.

భయం పట్ల ఈ మర్యాద ఊరికే రాలేదు. 1890లలో బ్రిటన్ కూడా పిచ్చికుక్కల భయంతో బతికింది. 1897లో వాల్టర్ లాంగ్ అనే మంత్రి కుక్కలకు చిక్కాలు తప్పనిసరి చేస్తే జనం తిట్టిపోశారు. అయినా అయిదేళ్లలో, 1902కల్లా, రేబిస్ ఆ దీవుల నుంచి పోయింది. మొదటి ప్రపంచయుద్ధం చివర్లో దొంగచాటుగా వచ్చిన కుక్కలతో తిరిగి వస్తే 1922 నాటికి మళ్లీ తుడిచారు. అమెరికా కుక్క నుంచి కుక్కకు పాకే రేబిస్ పోయిందని 2007లో ప్రకటించింది. గబ్బిలాల్లో, ఇతర అడవి జంతువుల్లో వ్యాధి ఇంకా ఉన్నందున టీకా నియమం మాత్రం వదల్లేదు.

భారతదేశంలో ఆ భయం ఇంకా పాతబడలేదు. ప్రపంచంలోని రేబిస్ మరణాల్లో దాదాపు 36 శాతం ఇక్కడివేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. యాభై దాటినవాళ్లకు బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు గుర్తే. డేవిడ్ సెంపుల్ 1911లో కసౌలీలో తయారుచేసిన ఆ పాత టీకా 2004 చివరి వరకు దేశంలో నడిచింది. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో పిల్లల దగ్గరికి ఆర్నెల్లకు వెళ్లిన జనగామ తల్లిదండ్రులు పక్కింటి కుక్కను చూసి కాలిబాట దిగి రోడ్డు మీదికి జరిగితే, వాళ్ల ఒంటికి గుర్తున్నది ఆ సూదులే. దాన్ని పల్లెటూరి బెదురని కొట్టిపారేయడం తప్పు. ఇంట్లో కుక్క ఉన్న పిల్లలు మొదటి వారం తాడును అమ్మానాన్నల చేతికి ఇవ్వకుండా, తాము పట్టుకుని వాళ్లను రెండో పక్కన నడిపిస్తే ఆ బెదురు తనంతట తానే తగ్గుతుంది. తరువాత పొద్దున నడక వాళ్లదే అయిన ఇళ్లు చాలా ఉన్నాయి. భాష రాని దేశంలో, కారు నడపరాని చోట, ఆ నడకే వాళ్లకు ఇంటి బయటి లోకం.

నడక పద్ధతి చూడటానికి తేలిక. తాడు చివరి ఉంగరంలో చేయి దూర్చి మణికట్టు దగ్గర పట్టుకోవాలి, వేళ్లకు చుట్టుకోకూడదు. పెద్ద కుక్క ఒక్కసారి ఉరికితే వేలు విరుగుతుంది. తాడు ఎప్పుడూ కొద్దిగా వేలాడుతూ ఉండాలి. ఎదురుగా కుక్క వస్తే చాలామంది చేసే పని తాడు బిగించడం. దాంతో యజమాని కంగారు తాడు గుండా కుక్కకు చేరుతుంది, అది మొరగడం మొదలుపెడుతుంది. పగ్గం బిగపడితే కోడె బెదురుతుందని ఎరిగిన రైతుకు ఇది వేరే చెప్పనక్కర లేదు. లాగే కుక్కకు మెడపట్టీ కంటే ఛాతీ చుట్టూ వచ్చే పట్టీ మేలు, గొంతు మీద ఒత్తిడి పడదు. డబ్బాలోంచి సాగే తాళ్లు జనం ఉన్న బాట మీద పనికిరావు. అవతలివాడి కుక్కను ముట్టే ముందు అడగాలి, పిల్లలకు ఇది మొదటి పాఠం. కొన్ని కుక్కల తాడుకు పసుపు రిబ్బను కనిపిస్తుంది. తెలుగు ఇంట్లో పసుపు శుభం. అక్కడ ఆ రిబ్బనుకు అర్థం, ఈ కుక్కకు దగ్గరగా రావద్దని.

కుక్క దొడ్డికి పోయినప్పుడు సంచీతో ఎత్తడం గురించి దాపరికం లేకుండా రాయాలి. న్యూయార్క్ రాష్ట్రంలో 1978 ఆగస్టు 1 నుంచి పెద్ద నగరాల్లో ఇది యజమాని బాధ్యత, ఇప్పుడు చాలా దేశాల్లో మామూలు నియమం. తెలుగు పెద్దలకు రోతగా తోచే పని ఇది. ఆ రోతలో శుభ్రత ఒక్కటే లేదు. మలం ఎత్తే పనిని తరతరాలుగా కొన్ని కులాల నెత్తిన పెట్టిన సమాజం మనది. మనుషుల చేత ఆ పని చేయించడాన్ని 1993లో ఒకసారి, 2013లో మరింత గట్టిగా చట్టం నిషేధించవలసి వచ్చింది. పెంచుకున్న కుక్క వదిలిన మలాన్ని, ఎంత జీతమున్నా ఎంత చదువున్నా, పెంచినవాడే తన చేత్తో ఎత్తాలన్న నియమంలో గట్టి న్యాయం ఉంది. దేశం మారినవాళ్లు నేర్చుకునే పనుల్లో ఊరికి తిరిగి తేదగ్గది ఇదే.

కుక్కను వెంట తీసుకెళ్లాలనుకుంటే పని నెలల ముందు పశువుల దవాఖానలో మొదలవుతుంది. ముందు చిప్, తరువాత రేబిస్ టీకా. ఈ వరుస తప్పితే టీకా లెక్కలోకి రాదు. బ్రిటన్‌కైతే టీకా వేసిన ముప్పై రోజుల తరువాత రక్తపరీక్ష, రక్తం తీసిన రోజు నుంచి మూడు నెలల ఎదురుచూపు. అమెరికా 2024 ఆగస్టు 1 నుంచి ఆరు నెలలు నిండని కుక్కను రానివ్వడం లేదు. భారతదేశంలో టీకా వేసిన కుక్కకు రక్తపరీక్ష ఫలితం లేకపోతే అక్కడ 28 రోజుల క్వారంటైన్ ఉంటుంది. బయలుదేరే ముందు కేంద్ర పశు క్వారంటైన్ విభాగం ధ్రువపత్రం కావాలి, ఆ విభాగానికి హైదరాబాద్‌లో కార్యాలయం ఉంది.

తిరిగి వచ్చినవాళ్ల కష్టం ఇంకో రకం. ఆరడుగుల తాడుకు అలవాటైన కుక్క జనగామ వీధిలో అడుగుపెట్టగానే వాడకుక్కలు చుట్టుముడతాయి. తాడున్న కుక్క పారిపోలేదు, తలవంచి పక్కకు జరగనూ లేదు. అంటే అక్కడ రక్షణగా ఉన్న తాడే ఇక్కడ దాన్ని ఇరికిస్తుంది. 2023 జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం వీధికుక్కలకు ఆపరేషను, టీకా చేయించే బాధ్యత స్థానిక సంస్థది. చేయించాక పట్టినచోటే విడవాలన్న సూత్రాన్ని రేబిస్ సోకినవీ, మీదపడేవీ మినహాయించి సుప్రీంకోర్టు 2025 ఆగస్టు 22న నిలబెట్టింది. అదే ఏడాది నవంబరు 7న బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల ఆవరణలకు వేరే ఆదేశం ఇచ్చి, అక్కడినుంచి తీసిన కుక్కలను తిరిగి అక్కడే వదలవద్దంది. పెంపుడు కుక్క సంగతికి వస్తే, నిర్లక్ష్యం వల్ల అది మనిషికి ప్రమాదం తెస్తే భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ కింద యజమానికి ఆరు నెలల వరకు జైలు, అయిదు వేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ ఉండవచ్చు.

వాడకుక్కలకు కొత్త కుక్క వాసన అలవాటు కావడానికి కొన్ని వారాలు పడుతుంది. అంతవరకు రోజూ ఒకే వేళకు, ఒకే దారిలో, వెలుతురు వచ్చాక నడవాలి. చేతికర్ర ఉంటే మంచిది, కొట్టడానికి కాదు, నేల మీద తాటించి దూరం ఉంచడానికి. చిన్న కుక్కను ఎత్తుకుంటే కింది కుక్కలు మనిషి మీదికి ఎగరవచ్చు, అందుకని ఎత్తుకోవడం కంటే వెనక్కి తిరగకుండా మెల్లగా గోడవారకు జరగడం నయం. గీరినా కరిచినా గాయాన్ని సబ్బుతో పారే నీళ్ల కింద పదిహేను నిమిషాలు కడిగి అదే రోజు ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లాలి. చర్మంలోకి ఇచ్చే టీకా ఆ రోజు, మూడో రోజు, ఏడో రోజు, ఇరవై ఎనిమిదో రోజు వేస్తారు. చర్మం తెగి రక్తం వస్తే గాయం చుట్టూ సీరం కూడా ఎక్కించాలి.