పొడి రంగుకు పిలుపు

సముద్రం కనబడని ఊళ్ళో కూడా కోనసీమ ఇనుముకు సముద్రం తెలుసు. వశిష్ఠ కడలిలో కలిసే అంతర్వేది నుంచి, ఓడలరేవు ఇసుక మీద నుంచి, ఉప్పుగాలి కొబ్బరితోటలు దాటి వచ్చి అమలాపురం కిటికీ కొక్కేల్ని, రాజోలు గేటు గడియల్ని, కొత్తపేట సైకిల్ స్టాండ్లని తడుముతుంది. రంగు పొరలో చిన్న సందు దొరికితే చాలు, చెమ్మా ఉప్పూ అందులో దూరి తుప్పు పొక్కులు లేపుతాయి. ఆ గాలిలో బతకాల్సిన చిన్న ఇనుప ముక్కల కోసం నిన్ను పిలుస్తున్నాను, పొడీ!

నీలో నీరు లేదు, థిన్నర్ లేదు, దాని ఘాటూ లేదు. ముగ్గుపిండిలా మెత్తగా, రెసినూ రంగూ కలిసిన నలుసుల రాశివి నువ్వు. స్ప్రే గన్ మూతి దగ్గర వేల వోల్టులు సోకగానే, ఎర్త్ తీగ తగిలించిన ఇనుము వైపు నీ అంతట నువ్వే పరుగెత్తుతావు. ఎదుటి ముఖం మీదే కాదు, వంపు తిరిగి వెనక వైపునా వాలుతావు. లోతైన మూలలకు మాత్రం రానంటావు; విద్యుత్ క్షేత్రం అక్కడికి సరిగా చొరబడదు. వోల్టేజి తగ్గించి, ఓపిగ్గా నిన్ను బతిమాలుకోవాలి.

అయినా నీ గొప్పంతా నువ్వు రాకముందే తేలిపోతుంది. పాత రంగు గీకాలి, ఎమరీ కాగితంతో తుప్పు పోగొట్టాలి, జిడ్డు కడగాలి, ఆపైన ఆ ముక్కను ఉత్త చేత్తో ముట్టకూడదు. పోత ఇనుమైతే ముందొకసారి ఓవెన్‌లో వేడెక్కాలి. సూక్ష్మ రంధ్రాల్లో దాగిన నూనె అప్పుడే బయటపడకపోతే, తర్వాత నీలోంచి బుడగలై లేస్తుంది. ఈ పనంతటిలో నాకు ప్రాణమైన ఘడియ ఇదే. ఏ పూతా లేని ఇనుము, ఏళ్ళ తర్వాత తన సొంత రంగులో వెలుతురు చూస్తుంది.

నువ్వు ముక్క మీద వాలాక ఓటీజీ ఓవెన్. వంటింటితో పొత్తు శాశ్వతంగా తెంచుకుని, గాలాడే వసారాలోకి వచ్చేసిన ఓటీజీ. ముక్క ఒంటికి 180 నుంచి 200 డిగ్రీల వేడి పట్టాక 10 నుంచి 20 నిమిషాలు; అంతసేపూ కరెంటు పోకూడదని మొక్కు. అద్దంలోంచి చూస్తుంటే నువ్వు చెమర్చి, మెరిసి, నలుసు నలుసూ కలిసి ఒకే చర్మమవుతావు. నీ అణువులు ఒకదాన్నొకటి గొలుసుకట్టి పట్టుకున్నాయంటే, మళ్ళీ వేడి చేసినా కరగవు.

రా, పొడీ! గదిలోని కొక్కేనికి ఎపాక్సీగా రా. ఎండలో ఎపాక్సీ వెలిసిపోతుంది కనుక గేటు గడియకు పాలియెస్టర్‌గా రా. తుపాన్ల నెలలు రాకముందే రా. ఇనుము శుభ్రం చేసి తీగకు వేలాడదీశాను, ఎర్త్ తగిలించాను, మాస్కు కట్టుకున్నాను.